చీటీ చూడకుండా రాసిన పేరు

మా కోడలి చేతిరాతను తినని ఇల్లు మా పేటలో లేదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఆమె రాసేది కాగితం మీద కాదు, కేకుల మీద. రెండు వీధుల అవతల ఉన్న బేకరీలో, వెనకగదిలో ఎత్తు బల్ల ముందు నిలబడి, కాగితాన్ని పొట్లంలా చుట్టి, అందులో క్రీము నింపి, కొస కత్తిరించి, పుట్టినరోజు పిల్లల పేర్లు రాస్తుంది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోవడమన్నది లేదు.

ఆ పనికో పద్ధతి ఉంది. పనిలో చేరిన మొదటి రోజే బేకరీ పెద్దాయన చెప్పాడట. "అమ్మా, పేరు చదవొద్దు. చదివావంటే నీకు తెలిసిన పేరు వైపు చెయ్యి లాగేస్తుంది. వాళ్లు చెప్పిందొకటి, నువ్వు రాసిందొకటి అవుతుంది. కొన్నవాళ్లు రాసిచ్చిన చీటీ మీద గీతలెలా ఉంటే అలా దించెయ్." అందుకని చీటీ పక్కన పెట్టుకుని, బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు గీస్తుంది. ఏ పేరు రాసిందో ఆమెకే తెలియదు. ఒక్కసారి తప్ప ఇన్నేళ్లలో తప్పు పోలేదు.

నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో చెవులకు తొడుగు తగిలించుకుని ఉద్యోగమంతా గడిపి రిటైరైన మనిషిని. నా నోరు పెద్దది, చెవులు అంతకన్నా పెద్దవి. గొంతు వింటే చాలు, మనిషి కోపంగా ఉన్నాడా, ఏడ్చి వచ్చాడా, అబద్ధమాడుతున్నాడా ఇట్టే చెప్పేస్తాను. మా అబ్బాయి బస్సు నడుపుతాడు. వాడు ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నా గురక పెట్టేది ఎక్కువ. కాబట్టి ఈ కొంపలో ఏం జరుగుతోందో వినే పని నాదే.

మా మనవడు, బుడ్డోడు పుట్టాక ఆ చెవులకు ఒక సంగతి తగిలింది. కోడలి గొంతు చదునైపోయింది. "పాలు కాగాయి" అన్నా, "బుడ్డోడికి పన్నొచ్చింది" అన్నా, "ఆయన బస్సుని లారీ గుద్దిందట, ఎవరికీ దెబ్బలు తగల్లేదట" అన్నా ఒకటే గొంతు. మీరు పిలిచిన నంబరు పనిచేయడం లేదని చెప్పడానికి ఎక్స్‌ఛేంజీలో ఒక ఆడగొంతును రికార్డు చేసి పెట్టేవారు. అచ్చం అలాగే ఉండేది.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పొద్దున్నే మా ఇల్లు సంతలా ఉంటుంది. ఐదో ఏడు నిండబోతున్న మా మనవరాలికి బడిలో ఏదో పొడుగాటి పేరుంది గాని, ఇంట్లో అందరికీ పిడుగే. కుడి బూటు ఎడమ కాలికి, ఎడమ బూటు కుడి కాలికి వేసుకుని వచ్చి, "నానమ్మా, నా కాళ్లు పోట్లాడుకున్నాయి, మొహాలు తిప్పేసుకున్నాయి" అంటుంది. గుడ్డు పచ్చసొన జుట్టుకు పట్టించుకున్న బుడ్డోడు, అక్క ఏమన్నా కిలకిలమంటాడు. స్నానాల గదిలో పిడుగు వాడికి సబ్బునురగతో గడ్డం పెట్టి, "తాతగారూ, బడికొస్తారా?" అని అడుగుతుంది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతాను. కోడలు ఆ గడ్డం కడిగేస్తుంది.

తర్వాత కోడలే పిడుగుకి బూట్లు మార్చి, లేసులు రెండేసి ముళ్లు వేస్తుంది. రెండు జడలూ సమానంగా అల్లుతుంది. నీళ్ల సీసా, రుమాలు, రొట్టె డబ్బా, దేన్నీ మర్చిపోదు. పిల్ల చెంప చూపించి ముద్దు పెట్టమంటే పెడుతుంది. పక్కవాటావాళ్లు "మీ కోడలు పిల్లల్ని ఎంత చక్కగా చూసుకుంటుందండీ" అనేవారు. నాకు మాత్రం ఆ ముద్దు పోస్టాఫీసులో ముద్ర వేసినట్టు వినపడేది.

సాయంత్రం కుర్చీలన్నీ వరసగా పెట్టి పిడుగు బస్సు నడుపుతుంది. తండ్రి టోపీ ముక్కు దాకా దిగిపోయి దారి కనిపించదు, అయినా తొక్కేస్తుంది. నేనూ బుడ్డోడూ ప్రయాణికులం. నేను సముద్రానికి టికెట్టు అడుగుతాను, చిల్లర లేదని డ్రైవరుతో తగవు పెట్టుకుంటాను. కోడల్ని కూడా ఎక్కించుకుని, "మీరెక్కడికండీ?" అని అడుగుతుంది పిడుగు. "ఎక్కడికైనా పర్లేదు" అంటుంది తల్లి. చివరి స్టాపు దాకా బుద్ధిగా కూర్చుని, దిగమన్నప్పుడు దిగుతుంది.

ఓ రోజు హడావిడిలో టీలో పంచదార వేయడం మర్చిపోయాను. నా గ్లాసు నోట పెట్టుకున్నాకే తెలిసింది. అప్పటికే కోడలు తన టీ మొత్తం తాగేసి గ్లాసు కడుగుతోంది.

"అమ్మాయ్, చప్పగా లేదూ?"

"బాగానే ఉంది అత్తయ్యా."

ఇక ఉండబట్టలేక నిలదీశాను. "ఏమైంది నీకు? వాడేమన్నా అన్నాడా? నేనన్నానా? అని ఉంటే మొహమాటపడకుండా చెప్పు, నా నోటి సంగతి నాకు తెలుసు."

"ఎవరూ ఏమీ అనలేదు," అంది, ఉతికిన బట్టలు మడతపెడుతూనే. "నాకే ఏమీ అనిపించట్లేదు అత్తయ్యా. వాడు నవ్వుతాడు, చూస్తాను. అది పాట పాడుతుంది, వింటాను. లోపల ఏదీ కదలదు. అందుకే ఏ పనీ తప్పకుండా చేస్తున్నాను. బుడ్డోడికి ఇంకా ఊహ తెలీదు. పెద్దదానికి తెలిసిపోతుందేమో. వాళ్లమ్మకి తనంటే ఏమీ అనిపించట్లేదని తెలిస్తే, నాకు రేపు బాగైనా ఆ పిల్ల మర్చిపోదు. దానికి తెలిసేలోపే నాకు బాగవ్వాలి." చిన్న గౌను అంచులు సరిచేసి పక్కన పెట్టింది. "భయపడాలి కదా, భయం కూడా సరిగ్గా వెయ్యట్లేదు."

నాకు ముందు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు. తర్వాత ఏడుపొచ్చింది. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ, అందులో ఆమె తప్పేమీ లేదనీ, మందులు వాడుతూ ఓపిక పట్టమనీ చెప్పింది. కోడలు వేళ తప్పకుండా మందులు వేసుకుంది. ఓపిక లేనిదల్లా నాకే.

ఆ రోజుల్లోనే పిడుగు చదవడం నేర్చింది. ఇక చూస్కోండి. కొట్ల బోర్డులు, సబ్బు కాగితాలు, బస్సుల వెనక రాతలు, ఒక్కటీ వదిలేది కాదు. తల్లి పని నుంచి రాగానే గుమ్మంలోనే పట్టుకునేది.

"అమ్మా, ఇవాళ ఎవరెవరి పేర్లు రాశావ్?"

"తెలీదమ్మా."

"రాశావుగా!"

"చీటీ చూసి రాశాను. చదవలేదు."

పిడుగు నా వైపు తిరిగి నుదురు కొట్టుకునేది. "నానమ్మా, అమ్మకి చదవడం రాదు. నేనే నేర్పాలి."

పిడుగు పుట్టినరోజుకి కేకు తనే తెస్తానంది కోడలు. ఆ రోజు ఉన్న ఆర్డర్లన్నీ ముగించి, వాటితోపాటు మాదీ రాసి, పెట్టెలో పెట్టుకుని మధ్యాహ్నానికే వచ్చేసింది. సాయంత్రం పక్కవాటా పిల్లలంతా చేరారు. మా అబ్బాయికి సెలవు దొరకలేదు. "నా ముక్క దాచండి" అని ఫోన్లోనే ముందుజాగ్రత్త పడ్డాడు.

పెట్టె తెరిచాం. తెల్లటి కేకు, చుట్టూ గులాబీరంగు పూలు, మధ్యలో ముత్యాల్లాంటి అక్షరాలు. పిడుగు కుర్చీ ఎక్కి, వేలు గాల్లో ఆడిస్తూ చదవడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం చదివి ఆగింది. రెండోది చదివింది. మళ్లీ మొదటికొచ్చి అంతా చదివింది.

"ఇది నేను కాదు," అంది.

అది మాకెవరికీ తెలియని ఎవరో పిల్ల పేరు. పక్కవాటా గడుగ్గాయి ఒకడు పకపకా నవ్వాడు. "మీ అమ్మకి నీ పేరే తెలీదు!" వాడికో మొట్టికాయ వేద్దామనుకున్నాను గాని, పుట్టినరోజు పూట ఎందుకులే అని ఊరుకున్నాను.

కోడలి చేతిలో కత్తి అలాగే ఉంది. "చీటీలు మారిపోయినట్టున్నాయి," అంది, అదే చదును గొంతుతో. కత్తి బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. కుళాయి తిప్పి, శుభ్రంగా ఉన్న చేతుల్నే కడుగుతోంది.

"తెలిసిపోయింది అత్తయ్యా. ఫ్యాన్ గాలికి రెండు చీటీలు కింద పడ్డాయి. తీసి పెట్టాను. ఏది దేని పక్కన పెట్టానో చూళ్లేదు. నా కూతురి కేకు మీద ఇంకో పేరు గీస్తుంటే నా చెయ్యి ఆగనైనా లేదు. ఇంక దానికి తెలిసిపోయింది."

"పిచ్చిమాటలు మాట్లాడకు. చీటీ మారితే ఎవరైనా..."

"ఎవరైనా రాస్తారు. తల్లి రాయదు."

నేను చెయ్యి చాపి కుళాయి కట్టేశాను.

ఇంతలో పిడుగు గుమ్మంలోకి వచ్చింది. కళ్ల నిండా నీళ్లు, కింద పడనివ్వట్లేదు. "అమ్మా, మరి నా కేకు ఆ అమ్మాయి దగ్గరుందా?"

"ఉండొచ్చు."

"ఐతే తను కూడా ఏడుస్తుంది. పద, ఇచ్చేద్దాం."

వచ్చిన పిల్లలకి బిస్కెట్లు పంచి, పక్కవాటావాళ్లకి అప్పగించి బయల్దేరాం. పెట్టె పట్టుకుని కోడలు, బుడ్డోణ్ణి చంకనేసుకుని నేను, మా ముందు పిడుగు. ఎప్పుడూ కాలిబాట అంచు మీద చేతులు చాపుకుని నడిచే పిల్ల, ఆ రోజు మధ్యలో మామూలుగా నడిచింది. నాకది చూడబుద్ధి కాలేదు.

బేకరీలో ఆ ఇంకో పిల్ల తండ్రి మూతి ముడుచుకుని నిలబడి ఉన్నాడు. పెద్దాయన మా పిడుగు పేరున్న కేకు మీది అక్షరాల్ని చాకుతో గీకేసి, కొత్త పేరు తనే రాయబోయి, చేతకాక చెమటలు కక్కుతున్నాడు. మా పెట్టె చూడగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ తండ్రి పెట్టె అందుకుని, పేరు సరిచూసుకుని, ఇంటికి పరుగు తీశాడు. మాకు గీకేసిన కేకు మిగిలింది. దాని మధ్యలో గులాబీ మరక.

"అయిందేదో అయిందిలే అమ్మా," అన్నాడు పెద్దాయన. "ఇదిగో మీ చీటీ. రాసెయ్."

కోడలు కాగితం చుట్టింది, క్రీము నింపింది, కొస కత్తిరించింది. చూసుకోకుండానే చీటీ కోసం చెయ్యి చాపింది. చీటీ అక్కడ లేదు. పిడుగు తీసుకుని వీపు వెనక దాచేసింది.

"ఇటివ్వమ్మా. ఆలస్యమవుతోంది."

"ఇవ్వను. చీటీ ఉంటే నువ్వు చదవవు. చూడకుండా రాయి." గొంతు బాగా తగ్గించి అడిగింది. "నా పేరు నీకు తెలుసు కదా అమ్మా?"

ఆ గొంతు నాకు తెలుసు. దూరపు ఊళ్లకి ఫోను కలపమని అడిగి, అవతల ఎవరైనా ఎత్తుతారో లేదో తెలియక, "కలుస్తుందంటారా అమ్మా?" అనేవారు కొందరు. అదే గొంతు ఆ చిన్నపిల్ల నోట్లోంచి వచ్చింది.

"తెలుసు," అంది కోడలు.

పొట్లం కేకు మీదికి తెచ్చింది. అక్కడే ఆగిపోయింది. వందల పేర్లు రాసిన చెయ్యి కదల్లేదు. పెద్దాయన ఏదో అనబోతే కళ్లతోనే నోరు మూయించాను. బుడ్డోడు నా భుజం మీద చొంగ కారుస్తున్నాడు. కేకులు పెట్టే ఫ్రిజ్ గుర్రుమంటోంది.

"ఏ పేరు రాయను?" అంది చివరికి.

"నువ్వు పిలిచేది."

రాసింది. బడి పేరు కాదు, ఏ చీటీ మీదా ఎవరూ రాసివ్వని పేరు. 'పి' మీద గుడి ఒక పక్కకి ఒరిగింది. 'డు' వెళ్లి ఎక్కడో దూరంగా పడింది. 'గు' కొమ్ము కేకు అంచు దాటి కింది అట్ట మీదికి జారింది. ఆమె చేతి నుంచి అంత వంకర రాత నేనెన్నడూ చూడలేదు. కోడలు రాసిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఇదెవరి చెయ్యి అన్నట్టు చూస్తోంది.

పిడుగు మునివేళ్ల మీద లేచి చదివింది. "పి. డు. గు." ఒక్క క్షణం ఆగి కేక పెట్టింది. "నేనే!"

తర్వాత మెడ వంచి పరీక్షగా చూసింది. "కానీ వంకరగా వచ్చిందమ్మా."

"అవును," అంది కోడలు. "వంకరగా వచ్చింది." ఆ మాట మధ్యలో గొంతు తెగిపోయి, మళ్లీ అందుకుంది.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మర్నాడు పొద్దున మళ్లీ అదే గొంతు, అవే రెండు ముళ్లు, అదే ముద్ర ముద్దు. ఇంత జరిగీ మొదటికే వచ్చామా అని నా కోపమంతా గిన్నెల మీద చూపించాను. పిడుగుకి మాత్రం ఏ దిగులూ లేదు. క్రీము కొమ్ము అంటుకున్న ఆ అట్టముక్కని తన మంచం పక్క గోడకి అతికించుకుంది. దానికి చీమలు పట్టాయి. తీసేద్దామంటే, "మా అమ్మ చూడకుండా రాసింది" అని నా మీదికి యుద్ధానికొచ్చింది.

కొన్నాళ్లు గడిచాయి. ఓ పొద్దున బుడ్డోడు పాలు ఒలకబోశాడు. ఒక బూటు దొరక్క పిడుగు ఇల్లు పీకి పందిరేస్తోంది. ఆ గోలలోనే కోడలికి టీ అందించాను. ఒక గుక్క తాగి, గ్లాసు దించి, మొహం చిట్లించింది.

"అత్తయ్యా, పంచదార మర్చిపోయారు."

"తెస్తున్నా," అని లోపలికి వెళ్లాను. డబ్బా చేతిలోకి తీసుకున్నానే గాని, కళ్లకి నీళ్లడ్డం వచ్చి మూత కనిపించలేదు. పొయ్యి పక్కనే నిలబడిపోయాను.

"అబ్బా, ఏం చేస్తున్నారు అత్తయ్యా అక్కడ, టీ చల్లారిపోతోంది!" అని బయటినుంచి కోడలు విసుక్కుంది.