ఆయన పని, కాజాల పని

పక్క ఫ్లాటులో కుట్టుమిషనుకి నూనె వేసినట్టున్నారు. దువ్వాడలోని మా వంటింటి కిటికీలోంచి ఆ వాసన రాగానే చేతిలో గరిట ఆగింది. నాకు అది మస్తానమ్మ గారి వాసన.

మేము గోదావరి వైపు నుంచి వచ్చి, వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో పదకొండేళ్ల నాలుగు నెలలు ఉన్నాం. మా వారు పోర్టులో క్రేన్ నడిపేవారు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఎదురింటి అరుగు మీద మస్తానమ్మ గారు బట్టలు కుట్టేవారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మొదటిసారి జాకెట్టు గుడ్డ ఇచ్చి ఎప్పటికవుతుందని అడిగితే, "అల్లా దయుంటే బుదవారం" అన్నారు.

"దయ సంగతి కాదండీ. బుధవారమా, కాదా?"

"ఏటి టీచరమ్మా, బుదవారం దాకా నాను బతికుంటానని రాసిచ్చీమంటావేటి?" అని పంటితో దారం తెంపి నవ్వారు.

మాట తప్పడానికి ముందే వేసుకున్న సాకు అనుకున్నాను. నాకు తేదీలు రాసుకునే అలవాటు. రెండేళ్లలో ఇరవై ఆరు జాకెట్లు ఇచ్చాను. ఇరవై అయిదు చెప్పిన రోజుకే వచ్చాయి. మిగిలిన ఒక్కటీ ఆలస్యమైంది నేను లైనింగు గుడ్డ ఇవ్వడం మరిచిపోవడం వల్ల. అంతా దేవుడి మీద వేసే మనిషి ఇంత కచ్చితంగా ఎలా పని చేస్తుందో నాకు అంతుపట్టేది కాదు.

ఆ తరువాతి వేసవిలో మా వారికి దగ్గులో రక్తం పడింది. ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, పన్నెండు రోజుల్లో రిపోర్టు వస్తుందన్నారు. డాక్టరు ఆ జబ్బు పేరు పలకలేదు. ఇంట్లో మేమూ పలకలేదు. పిల్లలిద్దరూ అప్పటికి మూడు, అయిదు తరగతులు. సెలవులు కావడంతో నాకు బడి కూడా లేదు. క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు పప్పు మాడిన వాసనకు మస్తానమ్మ గారే లోపలికి వచ్చి స్టవ్ ఆపారు.

"బాగానే ఉంటుందని ఒక్క మాట చెప్పండి" అన్నాను.

"సెప్పను. నాకేటి తెలుసు? అయిదు పూటలా అడుగుతన్నాను, అంతే." నా చేయి పట్టుకుని అరుగు మీదికి తీసుకువెళ్లి, ఒడిలో తెల్ల చొక్కాల దొంతర పడేశారు. "ఇవి బడి పిల్లల సొక్కాలు. కాజాలు తియ్యాల."

"నాకు రావండీ."

"రాకపోతే నేర్సుకో. రిపోర్టు సంగతి పైనున్న ఆయన సూసుకుంటాడు. కాజాలు మాత్రం ఆయన కుట్టడు, మనమే కుట్టాల."

గుండీ పట్టే ఆ చిన్న చీలిక చుట్టూ దారం దగ్గర దగ్గరగా పడాలి. నా మొదటి నాలుగూ చూసి, "ఇయి కాజాలా, ఎలక కన్నాలా?" అని బ్లేడుతో విప్పేశారు. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడగానే మిషను ఆపి లోపలికి వెళ్లేవారు. ఆ కాసేపు నేను కళ్లు మూసుకుని సింహాద్రి అప్పన్నకు చెప్పుకునేదాన్ని. తిరిగొచ్చి, "అయిందా నీది? సూది తియ్" అనేవారు.

ఒక సాయంత్రం మా వారు కవరుతో సందు మలుపు తిరిగారు. "ఇంకా ఒక రోజుంది కదా!" అన్నాను.

"ఇవాళే పన్నెండోది" అన్నారు ఆయన.

ఒక రోజు కొట్టివేయడం మరిచిపోయాను. జన్మలో నేను తప్పిన లెక్క అదొక్కటే. వచ్చింది క్షయ. ఆరు నెలలు మందులు మింగితే తగ్గేది. మస్తానమ్మ గారు కొంగుతో కళ్లద్దుకుని, "ఆ సొక్కాకి ఇంకా రెండున్నాయమ్మా" అన్నారు. ఏడుస్తూనే కుట్టాను. ఆ రెంటినీ ఆమె విప్పలేదు.

ఆ తరువాత మా వారు ఇంకో ఇరవై రెండేళ్లు బతికారు. రిపోర్టు మరోలా వచ్చి ఉంటే ఆమె ఏమనేవారని అప్పుడప్పుడూ అనుకుంటాను. ఆ రెండు కాజాల మాటే అనేవారు. పక్కన మాత్రం ఇంకా దగ్గరగా జరిగి కూర్చునేవారు.

ఇప్పుడు నా కంటి ఆపరేషను తేదీ మూడోసారి మారింది. చూపు ఎంత నిలుస్తుందో డాక్టరు చెప్పలేకపోతున్నాడు. అడగవలసింది పొద్దున్నే అప్పన్నను అడిగేశాను. అది ఆయన పని. చిక్కుడుకాయల ఈనెలు వేళ్లతో తడిమి తీయడం నేర్చుకుంటున్నాను.