మా బావమరిది ఫొటోల కింద రాతలు

మా బావమరిదికి ఒక జబ్బుంది. ఫొటో తీస్తే దాని కింద పురాణం రాస్తాడు. ఏ లెన్సు వాడాడు, షట్టరు ఎంత వేగం పెట్టాడు, లోపలికి ఎంత వెలుగు వదిలాడు, అన్నీ. శ్రీకాకుళం, విజయనగరం పెళ్ళి ఫొటోగ్రాఫర్లందరం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. అందులో వాడు ఫొటో పెట్టడం, కింద అంకెలు పెట్టడం, మావాళ్ళంతా దండాల బొమ్మలు గుప్పించడం. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

వాడు నా భార్యకు తమ్ముడు. విజయనగరంలో నా స్టూడియోలోనే కెమెరా పట్టుకోవడం నేర్చుకుని, పాతపట్నం వెళ్ళి సొంతంగా దుకాణం తెరిచాడు. ఏకు మేకవడం అంటే ఇదే. పెద్ద పెళ్ళిళ్ళకు ఇప్పుడు నన్ను కాదు, వాడిని పిలుస్తున్నారు. ఆ మాట ఎవరైనా అంటే పైకి నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇంటికొచ్చి, కూరలో ఏదో తక్కువైందని నా భార్య మీద విసుక్కునేవాణ్ణి. ఏం తక్కువైందో ఆవిడకు తెలుసు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఎందుకురా ఆ అంకెలన్నీ? పులుసు బాగుంటే తింటారు గానీ ఉప్పెంతేసేవని అడుగుతారేటి?"

"అడుగుతారు బావ," అన్నాడు వాడు. "అడిగితే మా అమ్మ సెప్పదేటి? రాసుకోపోతే రేపు నాకే గుర్తుండదు. రాస్తే ఇంకోడికి పనికొస్తాది."

ఇంకొకడికి పనికొస్తే మనకేం మిగులుతుంది? నాకు పని నేర్పినాయన ఏదీ నోటితో చెప్పినవాడు కాదు. డార్కురూములో ఆయన వెనకాల నిలబడి, ఆయన చేతులు చూసి నేర్చుకున్నాను. అంత కష్టపడి దొరికినదాన్ని వీడు పెళ్ళిలో తాంబూలంలా అందరికీ పంచుతున్నాడు. పైగా పంచినకొద్దీ వాడి దగ్గరే పెరుగుతోంది. నా కడుపుమంటకు అసలు కారణం అది.

ఆ మధ్య కళింగపట్నంలో ఒక ముసలమ్మ ఇసుక మీద ఎండుచేపలు తిరగేస్తున్న ఫొటో పెట్టాడు. చేపల మీద వెండిలాంటి వెలుగు. కింద యథాప్రకారం అంకెలు. గ్రూపంతా వాడికి హారతులు పట్టింది. నేను పనిగట్టుకుని స్కూటరు మీద కళింగపట్నం వెళ్ళి, మిట్టమధ్యాహ్నం అదే చోట, వాడు రాసిన అంకెలే కెమెరాలో పెట్టి తీశాను. చేపలూ లేవు, ఇసుకా లేదు, సున్నం కొట్టిన గోడలా వచ్చింది. పొద్దుటి వెలుగుకు పెట్టిన అంకెలు మధ్యాహ్నపు ఎండలో అలాగే తెల్లబోతాయని నాకు ముందే తెలుసు. దాన్నే గ్రూపులో పెట్టి, 'గురువుగారి లెక్క ప్రకారం తీసినది' అని రాశాను.

వాడికి కోపం వస్తుందనుకున్నాను. "నిజమే బావ, ఏ టైముకి తీసేనో రాయనేదు, ఎక్కడ నిలబడ్డానో కూడా రాయనేదు, తప్పు నాదే. ఇకనించి రాస్తాను," అని గ్రూపులోనే జవాబిచ్చాడు. అన్నట్టే మొదలుపెట్టాడు. దండాల బొమ్మలు రెట్టింపయ్యాయి. వాడికి ఆ బుద్ధి నేర్పినవాణ్ణి నేనే అయ్యాను.

ఇంతలో మా చెల్లెలి కూతురి పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల బోర్లా పడ్డ రోజు నుంచి ప్రతి ఫొటో నేనే తీశాను. పళ్ళు ఊడిన నవ్వు, ఓణీ వేసుకున్న రోజు, కాలేజీ గేటు ముందు బింకంగా నిలబడ్డది, అన్నీ నావే. గంపలో కూర్చుని పెళ్ళిపీటల మీదకు వచ్చే ఫొటో ఒక్కటే మిగిలింది. అది ఎలా తీయాలో ఏళ్ళ తరబడి మనసులో అనుకుంటూ ఉన్నాను.

ఆ మాట అంటే మా చెల్లెలు నన్ను వింతగా చూసింది. "మతి పోయిందేటి అన్నయ్యా? మేనమావవి, నువ్వు గంప పట్టాల గానీ కెమెరా పట్టుకుంటావేటి?"

"ఒక పక్క పెద్దన్నయ్య పడతాడు కదే. రెండో పక్క ఎవరైనా..."

"ఇద్దరు మేనమావలుండగా ఊళ్ళోవోల్ని పిలమంటావా? సుట్టాలు నవ్వుతారు."

పక్కనే ఉన్న మేనకోడలు నన్ను ఓదార్చబోయింది. "బాబాయి తీస్తాడులే మావా. బాబాయి ఫొటోలంటే నాకు సానా ఇష్టం."

బాబాయంటే ఎవరో కాదు, మా బావమరిదే. ఇన్నేళ్ళు ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీసినది నేను, ఇష్టం మాత్రం వాడివి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

పెళ్ళి ముహూర్తం పొద్దున పెట్టారు. వాడు రాగానే చేయి పట్టుకుని తీసుకెళ్ళి చోటు చూపించాను. "ఇదిగో, మండపం ముందు, కుడిపక్క. మేం మెట్టు ఎక్కేముందు ఫొటో కొట్టాలి. కదలకు." వాడు సరే బావ అన్నాడు.

పిల్ల కొబ్బరిబొండం ఒళ్ళో పెట్టుకుని గంపలో కూర్చుంది. నేనూ అన్నయ్యా చెరోపక్క పట్టి లేపాం. సన్నాయి అందుకుంది. నాలుగడుగులు వేసి మండపం వైపు చూశాను. కుడిపక్క వాడు లేడు. ఎడమపక్కా లేడు. వీడియో తీసేవాడు ఒక్కడే ఉన్నాడు. టిఫిను దగ్గర తగలడి ఉంటాడు వెధవ అనుకుంటూ జనం మీదుగా మెడ సాచి వెతికాను.

"కిందకి సూడరా, పిల్లని పడేస్తావు," అని అన్నయ్య గసిరాడు.

గంప దించేశాం. ఆ క్షణం పోయింది, ఇక తిరిగి రాదు. ఏడుపొచ్చినంత పనైంది. లోపల ఇంకోటి కూడా ఉంది. వాడికి ఆ ఫొటో దక్కలేదన్న సంతోషం. భోజనాల దగ్గర అడిగితే, "వచ్చింది బావ," అని ముక్తసరిగా చెప్పి విస్తట్లోకి వంగాడు. అబద్ధమనుకుని పప్పు ఇంకోసారి వేయించుకున్నాను.

కొన్ని రోజులకు గ్రూపులో ఆ ఫొటో వచ్చింది. చుట్టాల భుజాల మధ్య నుంచి తీశాడు. గంప అంచున పిల్ల చేయి, కిందకు వంగి నన్నే చూస్తున్న ఆ పిల్ల కళ్ళు, తల ఎత్తి దూరంగా ఎవరి కోసమో వెతుకుతున్న నేను. కింద అంకెలు. లెన్సు రెండు వందలది, దూరానివి దగ్గరగా లాగేది. నిలబడిన చోటు: భోజనాల హాలు గుమ్మం. అంటే నేను చూపించిన చోటుకు దూరంగా, పక్కవైపు, జనం వెనక. తప్పు పట్టడానికి ఫొటోను పెద్దది చేసి మూల మూలా గాలించాను. ఏమీ దొరకలేదు.

మేనమామ మొహంలో ఎంత ప్రేమో అని అందరూ రాశారు. పిల్లను ఎవరి చేతిలో పెడుతున్నానో అని చూస్తున్నానట. మా చెల్లెలు దాన్ని పెద్దగా ఫ్రేము కట్టించి, రాసిన అంకెలతో సహా, నా స్టూడియోలో గుమ్మానికి ఎదురుగా తనే తగిలించింది. వచ్చినవాళ్ళందరూ మా పిల్లకూ ఇలాంటిదే కావాలంటున్నారు. మీరే తీశారా అంటే అవునని అబద్ధమైనా ఆడలేను. గంప మోస్తూ నేనే కనిపిస్తున్నాను.

మొన్న బావమరిది ఏదో పని మీద విజయనగరం వచ్చి దుకాణంలో కూర్చున్నాడు. ఫ్రేము వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ముందు నిలబడమన్నాను కదరా," అన్నాను.

"ముందుంటే నువ్వు పిల్లనొగ్గేసి నా సేతులు సూస్తావు బావ. ఎలా తీస్తన్నానో అని."

నాకు చర్రున కోపం వచ్చింది. "ఎక్కడున్నావో, ఎన్నింటికి తీశావో అన్నీ రాశావు. నేనెవర్ని వెతుకుతున్నానో అది మాత్రం తెలీదు నీకు."

వాడు లేచి, చొక్కా అంచుతో ఫ్రేము అద్దం మీద దుమ్ము తుడిచాడు.

"తెల్సు బావ. నన్నే. తిడతన్నావు కూడా, పెదాలు కదిలేయి. ఆ ఒక్కటీ రాయనేదు."

ఇద్దరికీ టీ తెప్పించాను. మంచి ఫొటో వాడిది, రాసిన మంచీ వాడిది. ఇప్పుడు రాయకుండా వదిలేసిన మంచి కూడా వాడికే పోయింది. ఒక్కటైనా నాకు మిగల్చలేదు వెధవ.