వెనక వరసకూ వినపడాలి

కొత్త ఫ్లెక్సీకి ఒక ఘాటు వాసన ఉంటుంది, కిరసనాయిలు లాంటిది. నిన్న మేడ్చల్ బస్టాండు దగ్గర ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలి ఒళ్లు మండింది. కుముదినమ్మ గుర్తుకొచ్చింది.

నలుపు తెలుపు సినిమాల కాలంలో ఆమె గయ్యాళి అత్త. "ఇరవై రెండేళ్లకే అత్తనయ్యాను నాయనా, పెళ్లి మాత్రం కాలేదు" అని నవ్వేది. తెనాలి నాటకాల నుంచి మద్రాసు సినిమాలకు పోయి, వేషాలు ఆగిపోయాక, ఇక్కడ అద్దెలు తక్కువని నా సైకిల్ షాపు ఎదుటి గదిలో దిగింది. నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. కూడబలుక్కుని దొరికిన కాగితమల్లా చదివేవాణ్ణి. ఆమెకు చూపు తగ్గాక రోజూ పొద్దున పేపరు చదివి వినిపించడం నా పనైంది.

"మళ్లీ చివరి మాట మింగావు" అనేది, కళ్లు మూసుకునే.

"గీ గదిల ఉన్నది మనిద్దరమే గదమ్మా, ఇంకెవరికి వినవడాలె?"

"వెనక వరసలో వాడూ టిక్కెట్టు కొన్నాడు. వాడికి వినపడాలి."

అంతకుముందు ఏ ఆఫీసుకు పనిమీద పోయినా, గుమాస్తా కసిరితే తల వంచుకుని వచ్చేవాణ్ణి. నలుగురిలో నోరు విప్పడం ఆమె దగ్గరే నేర్చాను.

ఒకసారి పక్కింట్లో పెళ్లయింది. కొత్త కోడలు గడపలో అడుగుపెట్టే వేళకు ఆ ఇంటామె వచ్చి, "ఏమనుకోకమ్మా. కోడలు లోపటికి వచ్చేదాంక నువ్వు జర బయటికి రాకు. సినిమాల కోడండ్లను నువ్వు పెట్టిన గోస అందరు సూసిండ్రు" అంది. నేను షాపు వదిలి కొట్లాటకు పోయాను. కుముదినమ్మ నన్ను ఆపి, తనే తలుపు వేసుకుంది. బ్యాండు మోగినంతసేపూ ఆ తలుపు తెరుచుకోలేదు.

"భయపడ్డారంటే నా మొహం గుర్తున్నట్టే కదా. అదైనా మిగిలింది" అంది తర్వాత, అన్నం కలుపుకుంటూ. ఆ ముద్ద నోటిదాకా పోలేదు.

ఆమె పోయినప్పుడు కాలనీవాళ్లు సంతాపసభ పెట్టారు. ఫ్లెక్సీ చూసి నిర్ఘాంతపోయాను. పేరు ఆమెదే, బొమ్మ మాత్రం అత్త వేషాలు వేసిన మరో నటిది. ఫోనులో వెతికి, దొరికింది పెట్టారట.

"ఎవర్రా ఈమె?" అని అరిచాను.

"ఇద్దరు అత్తలే గదా తాతా, ఎవరు గుర్తువడ్తరు? పరేషాన్ గాకు" అన్నాడు ఫ్లెక్సీ కట్టినతను.

మిగిలిందనుకున్న ఆ ఒక్కటి కూడా ఆమెకు లేకుండా చేశారు. తాళ్లు నేనే విప్పి, ఆ ఫ్లెక్సీ చుట్టి మూలన పడేశాను. చేతులకు ఆ వాసన అంటుకుంది. బొమ్మ లేని చోట నిలబడి ఆమె మొహం ఎట్లా ఉండేదో చెప్పాను: ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేచి ఉండేదని, గడ్డం కింద పుట్టుమచ్చ ఉండేదని, నవ్వితే పెదవి ఒక పక్కకే కదిలేదని. ముందు వరసలో నలుగురు, వెనకంతా ఖాళీ కుర్చీలు. అయినా అక్కడిదాకా వినపడేట్టే చెప్పాను.

ఇప్పటికీ పొద్దున పేపరు గట్టిగానే చదువుతాను. ఎదుటి గదిలో ఇప్పుడు మొబైల్ షాపు.

"ఒక్కనివే ఉన్నవ్, ఎవరికి సదువుతున్నవ్ పెద్దమనిషీ?" అంటాడు ఆ షాపాయన.

"వెనక వరసకు" అంటాను, చివరి మాట మింగకుండా.