బాబాయి కుట్టిన గడియారం

మా బాబాయి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ముట్టుకునేవాడు కాదు. ఆయన కంప్యూటర్లో విండోస్ బదులు లైనక్స్ ఉండేది. అందులో ఏ ప్రోగ్రామ్ కావాలన్నా రెండు దారులు. ఎవరో తయారుచేసి పెట్టిన ప్యాకేజీని ఒక్క నొక్కుతో దించుకోవచ్చు. లేదా దాని సోర్సు కోడు, అంటే రాసిన మూలం, తెచ్చుకుని ఇంట్లోనే కంపైల్ చేసి నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవచ్చు. మొదటిది కుట్టిన చొక్కా కొనుక్కోవడం. రెండోది గుడ్డ కొని, కత్తెర వెతుక్కుని, ఆపైన దర్జీపని నేర్చుకోవడం. బాబాయిది రెండో దారి. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించి ఉపన్యాసం ఇస్తాడేమోనని భయపడేదాన్ని కానీ, ఆ పాపం ఎన్నడూ చెయ్యలేదు. “ఎవరివో కొలతలు మనకెందుకమ్మా?” అనేవాడు, అంతే.

ముందుగదిలో ఆ కంప్యూటర్ పెట్టె పిండిమరలా రొద పెట్టేది. తెరమీద అక్షరాలు బిలబిలా పైకి పోతుంటే, పొయ్యిమీద పాలకి కాపలా కూర్చున్నట్టు కూర్చునేవాడు.

“ఏం కుడుతున్నావు బాబాయ్?”

“క్యాలిక్యులేటరు.”

“నిన్నా అదేగా?”

“దానికి ఇంకో ప్రోగ్రామ్ తోడు కావాలట. ఆ తోడుకి మరో తోడు. ఒకర్ని భోజనానికి పిలిస్తే చుట్టాలందర్నీ వెంటేసుకొచ్చినట్టుంది.”

“ఇంతకీ ఏం లెక్క?”

“పన్నెండూ ఇరవయ్యేడూ కూడాలి.”

“ముప్పైతొమ్మిది,” అనేది వెనకగదిలోంచి పిన్ని.

తెరమీద టైము చూపించే గడియారమూ ఆయన కుట్టిందే. క్యాలెండర్ తయారయ్యేసరికి ఆ నెల అయిపోయింది. ఇప్పుడు ఫోన్లో అన్నీ చిటికెలో దిగుతాయి. ఆ రొద మాత్రం దేంట్లోనూ రాదు.

పిన్ని పిల్లల పత్రికకి బొమ్మలు వేసేది. ఓసారి పెద్ద జబ్బు చేశాక కాగితం మానేసి వెనకగదిలో తన కంప్యూటర్ మీద, పలకలాంటి దానిపై పెన్నుతో గీసేది. ఆ బొమ్మల ప్రోగ్రామూ బాబాయి కుట్టిందే. కొత్త వెర్షన్ వస్తే పిన్ని పని ఆగిపోయేది.

“మీ కుట్టుపని తెమిలేదాకా నా కుందేలు చెవుల్లేకుండా కూర్చోవాలా?” అనేది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన మా అన్నయ్య సెలవుల్లో వచ్చాడు. బాబాయి బజారుకెళ్లినప్పుడు పిన్ని కంప్యూటర్లో ఆ బొమ్మల ప్రోగ్రామ్ తీసేసి, ఆన్‌లైన్ స్టోర్లోంచి రెడీమేడ్‌ది దించేశాడు. “నిమిషం పట్టలేదు పిన్నీ,” అన్నాడు గర్వంగా.

పిన్ని గీత గీసింది. కుందేలు చలికి వణుకుతున్నట్టు వచ్చింది. మళ్లీ గీసింది. ఇంకా వణికింది. పెన్ను పక్కన పెట్టి తన చేతికేసి చూసుకుంది.

“పత్రికవాళ్లకి ఇంకెవరినైనా చూసుకోమని చెప్పేస్తాను,” అంది.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన బాబాయి సంచి కిందపెట్టాడు. “ఏం, పెన్ను మొరాయించిందా? ఇలా తే,” అని పెట్టె ముందు కూర్చున్నాడు. రొద మొదలైంది. సాయంత్రానికి కుందేలు నున్నగా, నిటారుగా నిలబడింది.

“ఏం చేశావు?” అని అడిగాను.

గొంతు తగ్గించాడు. “జబ్బు చేసినప్పట్నుంచీ మీ పిన్ని చెయ్యి వణుకుతోందమ్మా. ఆ వణుకు గీతలోకి దిగకుండా కోడులో చిన్న సర్దుబాటు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ కుట్టాలి. చెబితే చిన్నబుచ్చుకుంటుంది.”

“మరి గడియారం, క్యాలిక్యులేటర్ ఎందుకూ?”

“అదొక్కటే కుడితే అనుమానం రాదూ?”

వెనకగదిలోకి వెళ్తే పిన్ని కుందేలు చెవులకి రంగు వేస్తోంది. మా మాటలు వినబడ్డట్టున్నాయి.

“నా చెయ్యి నాకు తెలీదటే? వణికే చేత్తో తిన్నని గీత వస్తుంటే ఆమాత్రం పోల్చుకోలేనా? పాపం, ఆ గడియారమైనా రెడీమేడ్‌ది పెట్టుకోమను. నేనన్నానని మాత్రం చెప్పకు.”

వెళ్లి, పిన్ని పేరెత్తకుండా చెప్పాను.

“గడియారమా?” అన్నాడు బాబాయి తెరమీంచి చూపు తిప్పకుండా. “అమ్మో, అది మానేస్తే మీ పిన్ని ఇట్టే కనిపెట్టేస్తుంది.”