చింతపల్లి నీళ్లలో మునిగిన ఓడ

మొన్న అరకు నుంచి బస్సులో శృంగవరపుకోటకు ఘాట్ రోడ్డు దిగుతుంటే నా చెవులు దిబ్బడపడ్డాయి. పక్కసీట్లో మా ఆవిడ మాత్రం తాపీగా రెండు వేళ్లతో ముక్కు మూసుకుని, నోరు బిగించి, మెల్లగా గాలి ఊది చెవులు తెరుచుకుని, నావైపు చూసి నవ్వింది. ఆ విద్య మేమిద్దరం సముద్రంలో దిగడానికి నేర్చుకున్నామంటే మా వయసు వాళ్లెవరూ ఓ పట్టాన నమ్మరు.

ఆవిడది చీపురుపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. పసితనంలో పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. అడుగు వేసినప్పుడల్లా కుడిచేత్తో మోకాలి పైన నొక్కి పట్టుకోవాలి, అందుకే ఆ చేతిలో సంచీ గాని, గొడుగు గాని, పిల్లల చెయ్యి గాని నేనెన్నడూ చూడలేదు.

ఆమె అన్నయ్య, అంటే మా బావగారు, నౌకాదళంలో డైవర్‌గా చేసి రిటైరయ్యాక, చింతపల్లి తీరంలో ఎప్పుడో తెల్లదొరల కాలంలో మునిగిపోయిన ఓ ఓడను చూపించడానికి సరదా పడ్డవాళ్లను తీసుకెళ్లేవారు. నా ఉద్యోగం అయిపోయిన ఏడాది వేసవిలో మా ఇంటికొచ్చి ఆ కబుర్లు చెబుతుంటే, మా ఆవిడ తనూ చూస్తానంది. నేలమీద నడవడానికే అవస్థపడే మనిషి సముద్రంలో ఏమైపోతుందోనని నేను గట్టిగా అడ్డుపడ్డాను.

"నీల్లల్లో కాలితో పనేటి బావా? ఊపిరి సరిగ్గా తీస్తే సాలు," అన్నారాయన.

"నానెల్తాను. మీకు బయమైతే పడవలో కూకోండి," అంది ఆవిడ.

ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక, డాక్టరుకు చూపించుకుని, కొన్నాళ్లు ఈతకొలనులో ఆవిడతో పాటు బావగారి దగ్గర నేర్చుకుని, నేనూ బయలుదేరాను.

ఆ ఉదయం సముద్రం చెరువులా ఉంది. వీపున గాలి సిలిండరు, నడుముకు సీసం బిళ్లలు, నోట్లో గొట్టంతో తాడు పట్టుకుని, బావగారి చెయ్యి అందుకున్న ఆవిడ వెనకే గోరువెచ్చని నీళ్లలోకి దిగుతుంటే ముందు ఆకుపచ్చని మసక, తర్వాత ఆ మసకలోంచి ఓడ పక్కటెముకల్లాంటి ఇనుప దూలాలు, నాచు పట్టిన పెద్ద బాయిలరు, దాని చిల్లుల్లోంచి వచ్చిపోయే చారల చేపలు కనిపించాయి. అంతలో, కళ్లనూ ముక్కునూ కలిపి కప్పే నా కళ్లద్దాల్లోకి నీళ్లు చేరాయి. ముక్కు మండింది, బావగారు నేర్పినదంతా మరిచిపోయాను. ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి రాకూడదని, వస్తే ప్రాణం మీదికొస్తుందని ఆయన ఎన్నోసార్లు చెప్పినా, సరిగ్గా ఆ పనికే సిద్ధపడి కాళ్లు కొట్టాను.

ఎవరో నా పాదం పట్టుకుని ఆపారు. మా ఆవిడ. ఏళ్ల తరబడి మోకాలిని నొక్కిన చెయ్యి కదా, ఉడుంపట్టు. నా ఎదురుగా వచ్చి, తల వెనక్కి వంచి, కళ్లద్దాల పైఅంచు నొక్కి, ముక్కుతో గాలి వదలమని సైగ చేసి చూపించింది. అలాగే చేశాను. నీళ్లు పోయాయి, చూపు తేటపడింది.

నేను కుదుటపడ్డానని నమ్మకం చిక్కాక ఆమె నన్ను వదిలేసి, అన్నగారి చెయ్యీ వదిలేసి, ఓడ వెంబడి సాగిపోయింది. రెండు చేతులూ ముందుకు చాపి, దూలాల మధ్య వంపులు తిరుగుతూ, చేపల గుంపును చెదరగొడుతూ వెళ్తుంటే, ఆ కాలు మంచిదో కాదో ఎవరూ పోల్చలేరు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి నేను ఆమెను అందుకోలేక వెనకబడ్డాను.

పడవెక్కాక రొప్పుతూ, "అన్నియ్యా, నాను పరిగెట్టేను, సూసేవా?" అంది.

"సూసేనమ్మా, సూసేను," అని ఆయన మొహం అటు తిప్పుకుని, దోసెడు సముద్రపు నీళ్లతో కడుక్కున్నారు.

ఇప్పుడు బావగారు లేరు. ఆ తర్వాత వచ్చిన తుపానులకు ఓడ సగం ఇసుకలో కూరుకుపోయిందంటారు. ఆవిడ ఇంట్లో కూడా వాకరు పట్టుకునే తిరుగుతోంది. మనవలు చుట్టూ చేరి పోలియో అంటే ఏంటని అడుగుతుంటారు. మా ఈడు వాళ్లలో ఊరూరా కనిపించిన అలాంటి సన్నబడ్డ కాలు వాళ్ల బడిలో ఒక్కరికీ లేదు, అది తలుచుకుంటే మనసు నిండిపోతుంది. కానీ ఆ ఉదయం వాళ్ల నాయనమ్మ ఎంత దూరం వెళ్లిందో ఎంత చెప్పినా వాళ్లకు అందదు. వాళ్లకు పరుగు మామూలు సంగతి.