ఆరోగ్యమ్మ ఇంటి తాళంచెవి

మల్కాపురంలోని ఆ వీధిలో ప్రతి ఇంటి రెండో తాళంచెవీ ఆరోగ్యమ్మ ఇంట్లోనే ఉంటుంది. హైస్కూలు ప్రయోగశాలలో అటెండరుగా పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. సీసాలకు చీటీలు అంటించిన అలవాటు కొద్దీ, ప్రతి చెవికీ ఇంటివారి పేరు రాసిన చీటీ కట్టి, ముందుగదిలోని చెక్కపలకకు కొట్టిన మేకులకు తగిలిస్తుంది. పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ముకు తాళాలు బిగుసుకుపోతే నూనె వేయనివ్వదు. నూనెకు దుమ్ము ముద్దకడుతుంది కాబట్టి పెన్సిల్ ములుకు పొడి వేయిస్తుంది. చెవి మరిచిపోయి వచ్చినవారికి చెవితో పాటు ఒక ఉపన్యాసమూ ఉచితం. "తలుపు లాగే ముందు చెవి సేతిలో ఉందో లేదో సూసుకోవాలమ్మా. నాకెప్పుడైనా ఇలగయ్యిందా?" అన్నది దాని చివరి వాక్యం.

అవలేదు కనుకే తన చెవిని ఆవిడ ఎవరి దగ్గరా ఉంచలేదు. వీధిలో తనకున్న మర్యాదంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉందని ఆవిడకు తెలుసు.

రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేసే అల్లుడు బెన్సన్ ఈ మధ్యనే అత్తగారి తలుపుకు స్మార్ట్ లాక్ పెట్టించాడు. వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది. తలుపు మూస్తే తనంతట తానే పడుతుంది. బ్యాటరీలు అయిపోతే వాడుకోమని ఒక మామూలు తాళంచెవి కూడా ఇచ్చాడు. ఆరోగ్యమ్మ దానికి 'మా ఇల్లు' అని చీటీ కట్టి, మిగిలిన వాటి పక్కనే పలకకు తగిలించింది. ఆ అమరికలోని లోపం ఆవిడకు తట్టలేదు.

ఒక శుక్రవారం వీధి చివరి చర్చిలో ఉపవాస ప్రార్థన జరుగుతోంది. పాస్టర్ డేవిడ్ రాజుగారి గొంతు లౌడ్‌స్పీకర్లో వీధంతా వినబడుతోంది. మోకాళ్ల నొప్పులని కబురంపి ఆరోగ్యమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. అసలు కారణం, ఆ రోజు యారాడ నుంచి చేపలమ్మే గంగాలమ్మ వంజరం చేప తెస్తానంది.

గంగాలమ్మ గంప దించగానే ఆరోగ్యమ్మ గుమ్మం దిగింది. ఆవిడ వెనకే తలుపు మూసుకుపోయింది. చేప మొప్పలు ఎత్తి చూస్తుండగా ఎదురింటి అనూరాధ చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. పరవాడ మందుల కంపెనీలో పని చేసే ఆ అమ్మాయికి చెవి మరచిపోవడం కొత్త కాదు.

"ఆంటీ, గాలికి తలుపు పడిపోనాది. లోపల పప్పు కుక్కరెట్టేను. బేగి చెవియ్యండి."

"తలుపు లాగే ముందు..." అని మొదలుపెట్టి, ఆరోగ్యమ్మ చెయ్యి తుడుచుకుని తన తాళం మీద వేలు ఆనించింది. తాళం పలకలేదు. ఇంకో వేలు ఆనించింది. అదీ అంతే. కొన్ని రోజులుగా అది సన్నగా కూస్తుంటే అనూరాధ ఫోను అనుకుని ఆ అమ్మాయినే కసిరిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎదురింట్లో కుక్కరు విజిల్ వేసింది.

ఆరోగ్యమ్మ గంగాలమ్మ ఫోను అడిగి తీసుకుని బెన్సన్‌కు చేసింది.

"బ్యాటరీలు అయిపోయుంటాయి అత్తా. మామూలు చెవి ఇచ్చేను కదా, అదెక్కడెట్టేరు?"

ఆరోగ్యమ్మ కిటికీలోంచి పలక వైపు చూసింది. 'మా ఇల్లు' అన్న చీటీ ఫ్యాను గాలికి నెమ్మదిగా ఊగుతోంది.

"బద్రంగానే ఉంది. వేరే దారేటైనా ఉందా?"

"తాళం కింద రెండు బొట్టుల్లాంటివి ఉంటాయి. వాటికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఆనించి వేలెట్టండి. సిన్న పెట్టెలా ఉంటాది, మైకుల్లో వేత్తారు."

మైకుల్లో వేస్తారని ఆవిడకు చెప్పనక్కర్లేదు. చర్చి మైకుకు ఆ బ్యాటరీలు కొనేది ఆవిడే. వీధి చివర పాస్టరుగారి గొంతులో ఆ బ్యాటరీయే పలుకుతోంది. ఆ మైకు ముందు కూర్చున్నవాళ్లలో సగం మంది ఇళ్ల చెవులు ఆవిడ పలక మీద ఉన్నాయి.

కుక్కరు మళ్లీ అరిచింది.

"ఎల్లు అప్పా," అంది గంగాలమ్మ, సొంత అక్కను తొందరపెట్టినట్టు. "సిగ్గు రేపయినా పడొచ్చు. పప్పు ఆగదు."

చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ఆరోగ్యమ్మ చేప పొలుసు అంటిన చేతిని కొంగులో దాచుకుని గోడవారగా నడిచింది. ఆమేన్ కోసం కాస్త ఆగి చూసింది. పాస్టరుగారి ప్రార్థన అప్పుడప్పుడే మన రాష్ట్రం దాటి పక్క రాష్ట్రాల క్షేమంలోకి వెళుతోంది. ఇక లాభం లేదని ఆయన మోచెయ్యి తట్టింది. ఆయన మైకు దించకుండానే గుసగుసగా అడిగారు.

"ఏటండీ ఆరోగ్యమ్మగారూ? మోకాళ్ల నొప్పులన్నారు కదా?"

ఆ గుసగుస వీధంతా వినబడింది. ఆవిడ గుసగుస కూడా.

"సేపలు కొనడానికి గుమ్మం దిగేనండి అయ్యగారూ. తాళం పడిపోనాది. నా చెవి లోపలే ఉండిపోనాది. ఆ బ్యాటరీ ఒక్కపాలి ఇప్పించండి."

అందరి కళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి. డేవిడ్ రాజుగారు క్షణం ఆలోచించి, "ఆమేన్" అని మైకు విప్పారు.

బ్యాటరీ ఆనించి వేలు పెట్టగానే తాళం సన్నగా కూసి తెరుచుకుంది. అనూరాధ పప్పు అడుగంటింది గానీ కుక్కరు దక్కింది.

సాయంత్రం పాస్టరుగారి భార్య మిరియం ముందుగా, వీధివాళ్లు కొందరు వెనకగా గుమ్మంలోకి వచ్చారు. ఖాళీ గంపతో ఇంటికి మళ్లిన గంగాలమ్మ కూడా వాళ్లతో పాటు ఆగింది. ఎవరి చెవులు వాళ్లు పట్టుకుపోవడానికే వచ్చారనుకుంది ఆరోగ్యమ్మ. అడిగించుకోవడం ఇష్టం లేక తనే పలక దించి వాళ్ల ముందు పెట్టింది.

"తీసుకోండమ్మా. నా చెవి నానే కాసుకోలేకపోనాను."

"మా చెవులకేం, బాగానే ఉన్నాయి," అంది మిరియం. "మీ చెవి మాటే అడగడానికి వచ్చాం. అది ఎవరింట్లో ఉంచుతారు?"

ఆరోగ్యమ్మ పలక మీద నుంచి 'మా ఇల్లు' చీటీ ఉన్న చెవి తీసి గంగాలమ్మకు ఇచ్చింది. వానైనా ఎండైనా రోజూ తన గుమ్మం ముందుకు వచ్చే మనిషి ఆవిడే.

"సేపల కంపు కొడతాదప్పా," అంది గంగాలమ్మ, దాన్ని నడుము సంచిలో దోపుకుంటూ.

"కొట్టనీ. ఎక్కడుందో తెలుత్తాది."

మర్నాడు ఆరోగ్యమ్మ తాళంలో కొత్త బ్యాటరీలు వేయించింది. ఎందుకైనా మంచిదని తొమ్మిది వోల్టుల బ్యాటరీ కూడా ఒకటి కొని, 'తలుపు తెరుచుకోకపోతే' అని చీటీ అంటించి, ఖాళీ అయిన మేకుకు తగిలించడానికి చెయ్యెత్తింది.

గుమ్మంలో గంప దించుకుంటున్న గంగాలమ్మ తల పైకెత్తింది.

"మల్లీ లోపలేనా అప్పా?"

ఆరోగ్యమ్మ ఎత్తిన చెయ్యి దించి, బ్యాటరీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.