కొలతకు నేసిన రవికె

గద్వాలలో మా అక్క వాళ్లది రెండు అర్రల ఇల్లు. ముందు అర్రలో మగ్గం, దాని కింద బావ కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంత. వెనుక అర్రలో గోడ నిండా మేకులు, మేకులకు ముడులు వేసిన దారాలు. ఒక్కో దారం ఒక్కో ఆడమనిషి కొలత. మొదటి ముడి దాకా భుజం, రెండో ముడి దాకా చేయి, ఆ తర్వాత చుట్టుకొలత. అక్కకు చదువు రాదు. ఏ దారం ఎవరిదని అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పేది. వీధిలో వాళ్లు ఆ గదిని కొలతల అర్ర అనేవారు.

నేను ఆ ఇంటికి చేరింది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో. హైదరాబాదులో నేను పని చేస్తున్న దినపత్రికకు కాగితం దొరక్క పేజీలు తగ్గాయి, పేజీలతో పాటు మనుషులూ తగ్గారు. నాకు వెళ్లదగిన చోటు అక్క ఇల్లొకటే. వెళ్లిన రోజే బావ తల్లి, నేను అత్తమ్మ అని పిలిచే ముసలామె, నన్ను ఎగాదిగా చూసింది.

"కాయితం లేక ఒకడొచ్చె. నూలు లేక ఒకడు కూసుండె. ఇగ బువ్వ లేక నేను పోతే లెక్క సరిపోతది" అంది. అని, ఇంకో జొన్నరొట్టె నా పళ్లెంలో వేసింది.

నూలు లేకపోవడం ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. మిల్లు నూలు కోటా మీద వచ్చేది. వచ్చినా సగం మగ్గాలకు కూడా చాలేది కాదు. తెల్లవారితే వీధి పొడుగునా మగ్గాల మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెల చప్పుడు ఆగిపోయింది. మగవాళ్లు జట్లు కట్టి రాయచూరు దాకా బండ్ల మీద పోయి, అక్కడ రైలెక్కి షోలాపూర్ మిల్లుల్లో కుదురుకుంటున్నారు. బావ అన్న అంతకుముందే పోయాడు. దగ్గుతూ తిరిగి వచ్చాడు, ఆ దగ్గుతోనే పోయాడు. బావకు చిన్నప్పటి నుంచి ఆయాసం. అందుకే షోలాపూర్ మాట ఎవరెత్తినా అక్క ముఖం పాలిపోయేది. ఆయన ఆ బండి ఎక్కకుండా ఆపాలి. ఆ రోజుల్లో ఆమె చేసినదంతా దానికోసమే.

కోట దగ్గర సంస్థానం ఉద్యోగులకు షేర్వానీలు కుట్టే దర్జీ ఒకాయన ఉండేవాడు. ఆయన భార్య దగ్గర అక్క కుట్టుపని నేర్చుకుంది. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె చూపు కుట్టు మీద కంటే, కత్తెర నుంచి కింద పడిన ముక్కల మీదే ఉండేదట.

"నేసినోని నడుము ఇరిగిన బట్ట కాళ్ల కింద పడి ఉంటది తమ్మీ. సూస్తే పానం ఉసూరుమంటది" అని నాతో అనేది.

నూలు కరువు వచ్చాక ఆ ముక్కలే ఆమెకు దారి చూపించాయి. బట్ట నేసి తర్వాత కత్తిరించడం ఎందుకు? వీపు ఎంతో, చేయి ఎంతో ముందే కొలుచుకుని, రవికె భాగాలను ఆ కొలతకే మగ్గం మీద నేస్తే? ఒక భాగానికీ ఇంకో భాగానికీ నడుమ కొద్ది మేర అడ్డంగా పేక వేయకుండా నిలువు పడుగు పోగులు ఖాళీగా వదలాలి. అక్కడ తెంపుకుంటే చాలు. గద్వాల పట్టు అంచు సరిగ్గా చేతి చివరికి వచ్చి కూర్చుంటుంది. ముక్క వృథా పోదు.

బావ మొదట నవ్వాడు. "విన్నవా బామ్మర్దీ? రేపు మీ అక్క మగ్గం మీద మనిషినే నెయ్యుమంటది."

నవ్వుతూనే నేశాడు. మొదటి రవికె అత్తమ్మకు. "నా ఈడుకు గిదొక సోకా" అంటూనే తొడుక్కుని, పనేమీ లేకపోయినా వీధి చివరి దాకా వెళ్లి వచ్చింది. తర్వాత వడ్డేపల్లి నుంచి కూడా ఒకరిద్దరు వచ్చి కొలతలిచ్చి పోయారు. నూలు దొరికినప్పుడు నేసేవారు, దొరకనప్పుడు దారాలు మేకులకు అట్లాగే వేలాడేవి.

ఆ రవికెలకు ఒక లోటు ఉండేది. లోపల జర గుడ్డ వదలమని ఆడవాళ్లు కుట్టేవాళ్లను అడుగుతారు. ఒళ్లు చేసినప్పుడు కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. అక్క రవికెల్లో ఆ మిగులు ఉండదు.

ఆ మాఘమాసంలో కృష్ణ అవతల, అమరచింత వైపు మెట్టపొలాల్లో సేద్యం చేసుకునే ఇంటి ఇల్లాలు ఒకామె పుట్టిలో నది దాటి వచ్చింది. నెత్తిన మూట. మూటలో చేత్తో వడికిన నూలు, కొలతకోసం కూతురి పాత రవికె.

"పెండ్లి బట్టలు యాడ లేకపాయె చెల్లె. అమరచింతల నేసేటోళ్లు షోలాపురం పోయిండ్రట. మా ఆయన వనపర్తి పోతే దవాఖాన పట్టీలసొంటి గుడ్డ సూపెట్టిండ్రట. గిది మా చేన్ల పత్తి. వానకాలమంత కూసోని వడికిన. నా బిడ్డకు చీర, రైక నెయ్యుండ్రి."

అక్క ఒక పోగు వేళ్ల మధ్య రాసి చూసింది. "మంచిగ వడికినవక్కా."

"వడకక ఏం జేస్త? మా అత్త పక్కన కూసోని పోగు పోగుకు తిట్టింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. పోయేముందు ఆమె ఇంకో మాట చెప్పింది. వాళ్ల చుట్టాల ఇళ్లలో కూడా ఇట్లాగే వడికిన నూలు ఉందనీ, నేసేవాళ్లు లేక దాచుకున్నారనీ, పెండ్లిలో ఈ బట్టలు చూస్తే వాళ్లూ తెస్తారనీ.

ఆమె గడప దాటగానే అక్క మగ్గం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఇగ కోటా నూలు కోసం ఎదురుసూసుడు లేదు. నూలే ఇంటికి వస్తది. ఇప్పుడన్న షోలాపురం మాట ఇడుస్తవా?"

బావ మగ్గం మీది దుమ్ము తుడిచాడు. "పెండ్లికి వచ్చినోళ్లు నూలు దెస్తె ఉంట. తేకపోతె ఉగాది ఎల్లినంక బండెక్కుత. అప్పటిదాక నన్ను పరేషాన్ చెయ్యకు."

"ఒట్టు?"

"మగ్గం మీద ఒట్టు."

అంచుకు పట్టు కావాలి. ఇంట్లో మిగిలిన పట్టంతా అత్తమ్మ పెట్టె అడుగున ఉండేది. ఎవరూ అడగకముందే ఆమె తెచ్చి కొడుకు ఒడిలో పెట్టింది. ఆమె నోటి నుంచి ఎత్తిపొడుపు రాకపోవడం చూసి నాకు భయం వేసింది. ఆ ఇల్లు ఎంత అంచున ఉందో అప్పుడు తెలిసింది.

బావ నేస్తుంటే చూడడం తప్ప నాకు పని లేదు. నూలు పేక, పట్టు పేక కలిసే చోట ప్రతి వరుసలోనూ రెంటినీ ఒకదానితో ఒకటి మెలిపెట్టి ముందుకు పోవాలి. తొందరపడితే సందు పడుతుంది. ఆయాసం వచ్చినప్పుడు మగ్గం మీద తల ఆనించి కాసేపు ఉండి, మళ్లీ నాడె అందుకునేవాడు.

నూలు బట్ట తడిస్తే ముడుచుకుంటుంది, పట్టు ముడుచుకోదు. ఆ వీధిలో పుట్టినవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. మిల్లు నూలుకైతే మూరకు ఒక వేలు ఎక్కువ నేయడం బావ అలవాటు. ఇది చేతివడుకు నూలు. ఎంత ముడుచుకుంటుందో తెలియదు.

"ఒక్క ముక్క తడిపి సూద్దమా?" అని అక్క అడిగింది.

అత్తమ్మ ఒప్పుకోలేదు. "పెండ్లి పడుగు మీదిది ముక్కయినా పెండ్లి బట్టే. పిల్ల ఇంట్ల పసుపు నీళ్లు పడకముందు మన నీళ్లు తాకొద్దు. నా అత్త చెయ్యలె, నేను చెయ్యలె."

ఆ ఇంటి నియమం అది. మగ్గం దిగిన పెండ్లి బట్ట పొడిగానే గడప దాటాలి. అక్కకు కూడా ఆ నియమాన్ని దాటే ధైర్యం లేదు. ఆడపిల్ల పెండ్లి, పైగా తన భర్త ఇంట్లో ఉంటాడా పోతాడా అన్నది దాని మీదే ఉంది. అపశకునం చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? బావ మూరకు ఇంకో అర వేలు కలిపి నేశాడు. పడుగుకు పెట్టిన గంజి పోగులను బిర్రుగా పట్టి ఉంచింది. చూడటానికి రవికెలో ఏ లోపమూ కనిపించలేదు. ఆ ఇల్లాలు వచ్చి తీసుకుపోతూ అంచును చెంపకు ఆనించుకుంది.

ఫాల్గుణంలో, పెండ్లి రేపనగా, పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి వెంట భర్త. పలకరింపు లేకుండా రవికె తీసి అక్క ఒడిలో వేసింది. ఆనవాయితీ ప్రకారం బట్టలు పసుపు నీళ్లలో ముంచి ఆరేశారు. నూలంతా ముడుచుకుపోయింది. ముడుచుకోని పట్టు అంచు చేతి చివర పువ్వులా విచ్చుకుంది. దాని పైన పిల్ల చేయి దూరడం లేదు.

"లోపలి గుడ్డ ఇప్పి జర వదులు చెయ్యి చెల్లె. పుట్టి ఒడ్డుకే ఉంది. జల్ది పోవాలె."

అక్క కుట్టు తిరగేసి చూపించింది. విప్పడానికి ఏమీ లేదు.

"ఏంది? అసలే ఇడువలేదా?"

"ఇడువలేదక్కా. కొలతకే నేసినం."

"ఎవ్వరి కొలతకు? నా బిడ్డ కొలతకా, మీ పిసినితనం కొలతకా?"

ఆమె భర్త అడ్డం వచ్చాడు. "ఊకో. పెండ్లి ముంగట నోరు జారకు."

అక్క సూది, దారం అందుకుంది. "చీర తేండ్రి. లోపల దోపుకునే కొస కాడ జానెడు తీస్తె సంకల ముక్క ఏస్త. ఎవ్వరికీ కనపడది. ఇప్పుడే అయితది."

"పెండ్లి చీరకు కత్తెర పెడ్తవా? నీకు నోరెట్ల వచ్చిందే?"

ఖాళీ మగ్గం ముందు కూర్చున్న బావ అక్కడి నుంచే అన్నాడు. "తప్పు నాదమ్మా. ఎంత ముడుసుకుంటదో నాకు తెల్వలె."

 ఆ ఇల్లాలు రవికెను మడిచి, కళ్లు తుడుచుకుని, భర్త వెనుక నడిచింది.

ఉగాది దాకా అక్క నది వైపు బాటను చూస్తూనే ఉంది. మొదట్లో అత్తమ్మ గడప మీద కూర్చుని ధైర్యం చెప్పేది. "వస్తరు తియ్యి. పెండ్లి అలసట తీరొద్దా?" తర్వాత తర్వాత ఆమె కూడా ఆ మాట మానేసింది. ఎవరూ రాలేదు. పండుగ వెళ్లిన మర్నాడు బావ మూట కట్టుకున్నాడు.

"ఇంకొక నెల సూద్దం" అని అక్క మూట మీద చేయి వేసింది.

"నెల దాక ఏం తింటం? నీ మేకులకున్న దారాలా?" అని, అన్నందుకు తానే నొచ్చుకుని, ఆమె చేతిని మెల్లగా తీశాడు. "మగ్గం మీద ఒట్టు ఏసిన గదనే."

బండిలో అప్పటికే వీధి వాళ్లు ఐదారుగురు ఉన్నారు. ఒకతను బావకు చోటిస్తూ, "రా మేస్త్రీ, షోలాపురంల మిషన్లకు కొలతలు తీద్దువు" అన్నాడు. బావ కూడా నవ్వాడు. అక్క బయటికి రాలేదు. "మీ అక్క పైలం" అని నాతో అన్నాడు. బండి మలుపు తిరిగే దాకా అతని దగ్గు వినిపించింది.

వైశాఖం చివర పక్కింటి మనిషి ఒకడు షోలాపూర్ నుంచి తిరిగి వచ్చాడు. వచ్చినవాడు తన ఇంటికి పోకుండా మా గడపలో కూర్చున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. మిల్లు షెడ్డులో వేడి, దుమ్ము. బావకు జ్వరం వచ్చింది, ఊపిరి అందలేదు. అంత్యక్రియలు కూడా అక్కడే చేసేశారు.

ఆ తర్వాత వానలకు ముందు ఒక పగటిపూట, వీధిలోంచే గట్టిగా మాట్లాడుతూ ఆ ఇల్లాలు వచ్చింది. అత్తమ్మ గడప దగ్గర ఉంది. నేను అరుగు మీద ఉన్నాను.

"పెద్దమ్మా, మంచిగున్నవా? ఆ దినం కోపంల ఎన్నో అన్న. నీ కోడలి కాళ్లు పట్టుకుందమని వచ్చిన. ఏమయిందో ఇను. మేం ఏడ్సుకుంట పోతే మా అత్త రైక గుంజుకోని చేతులు పొడుగునా చీరింది. చీరి, పసుపు దారంతోని అల్లి కట్టింది. పెండ్లికి వచ్చినోళ్లంత గది గద్వాల కొత్త ఫాషన్ అనుకున్నరు! మాకు గట్లనే నేపియ్యుమని నా పానం తీస్తుండ్రు. గిదో, నాలుగిండ్ల నూలు. దాసుకున్నది సాలక మొన్నటిదాక ఇంక వడుకుతనే ఉండ్రి, అందుకే ఆలస్యమాయె."

నూలు మూట దించి, నవ్వుతూ లోపలికి అడుగు పెట్టింది. వెనుక అర్ర గోడకు ఆనుకుని కూర్చున్న అక్క బోసి నుదురు చూసింది. నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది. దాన్ని ఎట్లా తీసేయాలో ఆమెకు తెలియలేదు.

అందరికంటే ముందు అక్కే మాట్లాడింది.

"పైదిక్కు చీరిందా, సంకదిక్కా?"

"పైదిక్కే," అంది ఆమె గొంతు తగ్గించి. "భుజం కాడికెల్లి."

"మంచిగ ఆలోచన చేసింది" అంది అక్క.

అత్తమ్మ మూటను తన దగ్గరికి జరుపుకుంది. "పెట్టిపో బిడ్డా. నేసేటోడు ఎవడన్న దొరుకుతడు."

కబురు తెచ్చిన పక్కింటివాడు కూడా మిల్లుకు తిరిగిపోయాడు. వీధిలో నేసేవాడు మిగల్లేదని అత్తమ్మకు తెలుసు. ఆ ఇల్లాలు వంగి, ముసలామె చేతుల కింది నుంచి మూటను మెల్లగా లాగి తీసుకుంది. అది ఇంకొకరి ఆడపిల్లల పెండ్లి నూలు. ఆమె మాత్రం ఏం చేస్తుంది? రేవు దాకా నేనే మోశాను. నాగర్‌కర్నూల్ దిక్కున నేసేవాళ్లెవరైనా ఉన్నారా అని దారిలో నన్ను అడిగింది. తెలియదని చెప్పాను.